సీసం, ఆర్సెనిక్ వల్ల మన డీఎన్ఏ దెబ్బతిందో లేదో పరీక్షలో తేలుతుందా?

లోహాలు కరిగించే ఫ్యాక్టరీ పక్కన పదేళ్లుగా ఉంటున్నాం, కామెట్ టెస్ట్ చేయించుకుంటే జన్యువులు దెబ్బతిన్నాయో లేదో తెలుస్తుందా అని అడిగారు. నేను నాలుగేళ్లు ఇదే పని చేశాను, రక్తం తీసుకోవడం నుంచి మైక్రోస్కోప్ కింద కణాలు లెక్కపెట్టడం దాకా. ఆ టెస్ట్ మీ వీధి మొత్తం గురించి ఏదైనా చెప్పగలదు గానీ, మీ ఒక్కరి గురించి చెప్పలేదు.

కామెట్ టెస్ట్‌లో తెల్ల రక్తకణాలను పల్చటి జెల్‌లో ఉంచి, పైపొరలు కరిగించి, క్షార ద్రావణంలో కరెంటు పంపిస్తారు. తెగిన డీఎన్ఏ బయటికి జారి తోకచుక్కలా కనిపిస్తుంది. తోకలో ఎంత డీఎన్ఏ ఉంటే అంత నష్టం అన్నమాట. కానీ ఈ తెగుళ్లలో చాలావాటిని కణమే కొన్ని గంటల్లో అతికించేసుకుంటుంది, కాబట్టి అది ఇటీవలి సంగతే చెబుతుంది, పదేళ్ల లెక్క చెప్పదు.

పైగా చాలా సున్నితం. ఒకసారి ఫ్యాక్టరీ దగ్గరివాళ్ల రక్తం ఆరు గంటలు ప్రయాణం చేసి మా ల్యాబ్‌కి వచ్చింది, పోల్చడానికి తీసుకున్నవాళ్ల రక్తం మాత్రం పక్క గదిలోంచే వచ్చింది. ఫ్యాక్టరీవాళ్ల కణాలకి తోకలు ఎంత పొడుగున్నాయో చూసి మాకు గుండె జారిపోయింది. తర్వాత మా సొంత రక్తాన్నే అదే దారిలో తిప్పి తెచ్చి చూస్తే దానికీ తోకలొచ్చాయి. మొత్తం పక్కన పడేసి, పాపం సూదికి భయపడేవాళ్లను కూడా మళ్లీ పిలిచి రక్తం తీసుకోవాల్సి వచ్చింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నాకు ఎక్కువ నమ్మకం మైక్రోన్యూక్లియస్ టెస్ట్ మీద. కణం విడిపోయేటప్పుడు కేంద్రకంలోకి చేరలేక బయట మిగిలిపోయిన క్రోమోజోమ్ ముక్క చిన్న చుక్కలా కనిపిస్తుంది, దాన్ని లెక్కిస్తాం. రక్తాన్ని 72 గంటలు పెంచాలి, 44వ గంట దగ్గర, కేంద్రకం రెండైనా కణం మాత్రం విడిపోకుండా ఆపే సైటోకలాసిన్ బి అనే మందు వేయాలి, తర్వాత రెండు కేంద్రకాలున్న కణాలు కనీసం 1000 చూడాలి, కళ్లు లాగేస్తాయి. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో 10 దేశాలకు చెందిన 6,718 మందిని చూస్తే, ఈ చుక్కలు ఎక్కువున్న వాళ్లలో తర్వాత క్యాన్సర్లు ఎక్కువొచ్చాయి. అయితే అది గుంపు మీద తేలిన లెక్క. వయసు పెరిగినా, ఫోలిక్ యాసిడ్ తక్కువైనా చుక్కలు పెరుగుతాయి, ఆడవాళ్లలో మామూలుగానే ఎక్కువ. ఒక తల్లి తన రిపోర్టు పట్టుకుని "నా పిల్లలకి కూడా వస్తుందా అమ్మా" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ చుక్కలు ఆమె రక్తకణాల్లోవి, అవి పిల్లలకు వెళ్లవు అని మాత్రం చెప్పగలిగాను.

ఇంకోటి, ఆర్సెనిక్, కాడ్మియం లాంటివి డీఎన్ఏని దెబ్బతీయడమే కాకుండా, అతికించే ఏర్పాటునే పాడుచేస్తాయి. అందుకే తోక చూసి ఇది ఫలానా లోహం పని అని ఎవరూ చెప్పలేరు, అలా చెప్పే ల్యాబ్‌ని నమ్మకండి.

నన్నడిగితే డబ్బు ముందు లోహాన్ని కొలిపించడానికి పెట్టండి. సీసానికి రక్తం, ఆర్సెనిక్‌కి మూత్రం, ఏళ్ల తరబడి పేరుకున్న కాడ్మియానికి కూడా మూత్రమే. ఆర్సెనిక్ టెస్ట్‌కి ముందు మూడు నాలుగు రోజులు సముద్రపు చేపలు, రొయ్యలు మానేయండి, వాటిలోని హానిలేని రకం ఆర్సెనిక్ కూడా లెక్కలో కలిసిపోతుంది. తాగే నీళ్లు కూడా టెస్ట్‌కి ఇవ్వండి, ఆర్సెనిక్ లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అంకె ఎక్కువొస్తే అది ఎక్కణ్నుంచి వస్తోందో వెతకొచ్చు, ఆపొచ్చు, డాక్టర్‌కి చూపించొచ్చు.

డీఎన్ఏ అధ్యయనం చేస్తామని ఎవరైనా మీ దగ్గరికి వస్తే తప్పకుండా చేరండి, ఎంతమంది చేరితే అంత గట్టి రుజువు. కాకపోతే రక్తం ఇచ్చేముందే ఫలితాలు మాకు ఇస్తారా, కూర్చోబెట్టి వివరించేది ఎవరు అని అడగండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం అంతదాకా ఆగకండి, ఈ వారమే వాళ్లకి సీసం టెస్ట్ చేయించండి.