బాడుగ షెడ్డు గచ్చుకు ఇంట్లో బంగారమా?

ప్రశ్న: చిత్తూరులో బాడుగ షెడ్డులో లేత్ నడుపుతున్నాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల మిషన్ల పనులు ఎక్కువ. గచ్చు పెచ్చులూడి అక్కడక్కడా అరచేతి వెడల్పున పదిహేను దాకా గుంతలు పడ్డాయి, ట్రాలీ చక్రాలు ఇరుక్కుంటున్నాయి. మొత్తం 600 చదరపు అడుగులూ కొత్తగా వేయడానికి కాంట్రాక్టరు లక్షన్నర అడుగుతున్నాడు. బిల్లు ఇస్తే టాక్స్ కలిసొస్తుందంటున్నాడు. ఇంట్లో నగలు కుదువ పెట్టాలా, 3 లక్షల చీటీ పాడుకోవాలా? అగ్రిమెంటు ఇంకా రెండేళ్లుంది.

జవాబు: రెండూ వద్దండీ.

మీ ఉత్తరం చదివాక అప్పు లెక్క పక్కన పెట్టి ముందు గుంతల లెక్క వేశాను. ఒక్కోటి ఆరంగుళాల చదరం, అంగుళం లోతు అనుకుంటే అరలీటరు పైచిలుకు. పదిహేనూ కలిపితే తొమ్మిది లీటర్లు, పెద్ద పెయింటు బకెట్‌లో సగం కూడా కాదు. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపితే నాలుగైదు కిలోల సిమెంటు సరిపోతుంది. చెక్కేటప్పుడు గుంతలు పెరుగుతాయి కాబట్టి రెట్టింపు అనుకోండి. అప్పటికీ 50 కిలోల బస్తాలో ముప్పావు వంతు మిగులుతుంది. కాంట్రాక్టరు మోసగాడని అనను. ఆయన అమ్మేది చదరపు అడుగులు, మీకు కావాల్సింది లీటర్లు.

నగల మీద రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 1,500, రెండేళ్లకు 36,000. ఆ తర్వాత షెడ్డు ఖాళీ చేస్తే గచ్చు ఓనరుకు, రసీదు మీకు. చీటీ ఇంకా ఖరీదు. నూటికి పాతిక తగ్గించి పాడితే 75,000 అక్కడే పోతుంది, చేతికొచ్చే 2,25,000లో గచ్చుకు పోగా మిగిలింది ఎలా కరిగిపోతుందో చాలా ఇళ్లలో చూశాను.

టాక్స్ మాట కూడా తేల్చుకోండి. టర్నోవరులో 8 శాతమో (బ్యాంకు ద్వారా వచ్చిన దానిపై 6 శాతమో) లాభంగా చూపి రిటర్ను వేస్తున్నారా? అయితే ఏ బిల్లు పెట్టినా పన్ను పైసా తగ్గదు. పూర్తి లెక్కలు రాస్తూ, మరమ్మతు మీదేనని అగ్రిమెంటులో ఉంటే, గుంతలు పూడ్చిన ఖర్చు మరమ్మతు కింద ఆ ఏడాదే తీసేసుకోవచ్చు. కొత్త గచ్చయితే తరుగుదల కింద ఏడాదికి 10 శాతం చొప్పునే.

ఓనరుతో మాట్లాడారా? అగ్రిమెంటులో మరమ్మతు ఎవరిదో చూడండి. ఆయనదే అయితే రాతపూర్వకంగా అడగండి. తగిన గడువిచ్చినా చేయించకపోతే మీరే చేయించి బాడుగలో తగ్గించుకునే వీలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. అయితే ఇంత చిన్న ఖర్చుకు ఓనరుతో పేచీ పెట్టుకోమని మాత్రం చెప్పను.

డబ్బు పెట్టాల్సింది పని తీరు మీద. మా ఆఫీసు మెట్టు విరిగితే మేస్త్రీ పైన పలుచగా సిమెంటు పూసి వెళ్లాడు, నెల తిరక్కుండా అప్పడంలా లేచింది. అంచులు నిలువుగా, కనీసం అర అంగుళం లోతు ఉండేలా ఉలితో చెక్కించండి. మీది లేత్ షెడ్డు, నూనె ఇంకి ఉంటుంది. డిగ్రీజరుతో (నూనె జిడ్డు వదిలించే ద్రావణం) రుద్ది కడిగి, ఆరాక నాలుగు నీటి చుక్కలు వేయండి. చుక్క ముత్యంలా నిలిస్తే నూనె ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగాలి. ముందు రాత్రి తడిపి, పొద్దున నిల్వ నీళ్లు తుడిచేసి, ఎస్‌బీఆర్ లేటెక్స్ (పాత గచ్చుకు కొత్త సిమెంటు పట్టేలా చేసే జిగురు ద్రవం) కలిపిన సిమెంటు పాలు పూసి, అవి ఆరేలోపే సిమెంటు ఇసుక మాలు కూరి తాపీతో గట్టిగా అదమాలి. ఆపైన తడి గోనె సంచులు ఏడు రోజులు. ట్రాలీ తిరిగే దారిలో మూడు నాలుగు గుంతలకు మాత్రం ఎపాక్సీ మోర్టార్ (సిమెంటుకు బదులు ఎపాక్సీ జిగురుతో కలిపే మాలు) వాడండి. ఖరీదు ఎక్కువే, కానీ ఒకట్రెండు రోజుల్లో గట్టిపడుతుంది, పని ఆగదు.

ఇదంతా నెల సంపాదనలోంచే తీయండి. దాంతోపాటు నెలకు 2,000 చొప్పున షెడ్డు పేరుతో రికరింగ్ డిపాజిట్ కట్టండి. రెండేళ్లకు 48,000, పైన వడ్డీ. కొత్త షెడ్డుకు అడ్వాన్సు అడిగినప్పుడు నగల వైపు చూడనక్కర్లేదు.

ఒక్క పరీక్ష మిగిలింది. గుంతల చుట్టూ సుత్తితో తట్టి వినండి. చాలాచోట్ల డొల్ల శబ్దం వచ్చినా, పగులుకు ఒకవైపు గచ్చు దిగినా, గచ్చు అడుగున పట్టు వదిలి ఉండొచ్చు, లేదా మట్టి కుంగి ఉండొచ్చు. అప్పుడు గుంతలు పూడిస్తే సరిపోదు, అగ్రిమెంటు చూసుకుని ఓనరుతో మాట్లాడండి. గట్టిగా పలికితే ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో తోతాపురి సీజనుకు ముందు ఫ్యాక్టరీల మిషన్లు మీ దగ్గరికి వచ్చిపడితే గోనె సంచులు పరిచేందుకు జాగా ఉండదు.