మెషీన్ లేకుండా మెటల్ త్రీడీ ప్రింటింగ్ సిమ్యులేషన్‌లో రీసెర్చ్ చేయవచ్చా?

మీరు అడిగింది: "ఒంగోలు దగ్గర మెకానికల్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. లేజర్‌తో లోహపు పొడిని కరిగించి వస్తువు తయారు చేసే పద్ధతిని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసే రీసెర్చ్ మీద ఆసక్తి ఉంది. మా కాలేజీలో ఆ మెషీన్ లేదు. అయినా మొదలుపెట్టొచ్చా?"

మొదలుపెట్టొచ్చు. నేను ఈ పనిలో ఆరేళ్లుగా ఉన్నాను. మొదటి రెండేళ్లు మెషీన్‌ను కళ్లతో చూడలేదు. కానీ ఆ రెండేళ్లలో ఏడాది పూర్తిగా పోయింది. దానికి కారణం మెషీన్ లేకపోవడం కాదు. నా లెక్కను దేనితో పోల్చి చూసుకోవాలో తెలియకపోవడం. మీకు ముందుగా చెప్పాలనుకున్నది అదే.

మాది కందుకూరు. మా నాయనకు వెల్డింగ్ షాపు ఉండేది, ట్రాక్టర్ ట్రక్కులు, గేట్లు చేసేవాడు. ట్రక్కు అడుగు రేకు అతికేటప్పుడు ముందు అక్కడక్కడా టాకాలు వేసి, తర్వాత ఈ మూల కొంచెం, ఆ మూల కొంచెం కలిపేవాడు. ఎందుకని అడిగితే, "ఒక పక్క నుంచే లాక్కుంటా పోతే రేకు లేచిపోద్ది అబ్బయ్యా, చల్లారేటప్పుడు లోహం లాగుద్ది" అన్నాడు. లోహపు త్రీడీ ప్రింటింగ్‌లో వస్తువులు వంగడానికి, అడుగు ప్లేటు నుంచి ఊడిపోవడానికి మూలకారణం ఇదే. వేడెక్కిన చోటు సాగాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లని లోహం సాగనివ్వదు, చల్లారాక అది కుదించుకుపోతూ పక్కవాటిని లాగుతుంది. తేడా వేగంలో ఉంది. ఇక్కడ లేజర్ చుక్క వెడల్పు సుమారు 0.1 మిల్లీమీటరు, సెకనుకు దాదాపు ఒక మీటరు వేగంతో పోతుంది. అంటే ఒక బిందువు మీద అది నిలిచేది సెకనులో పదివేలవ వంతు. కరిగిన లోహం సెకనుకు లక్ష నుంచి పది లక్షల డిగ్రీల వేగంతో చల్లబడుతుంది.

సిమ్యులేషన్ ఎందుకు కష్టమో ఒక చిన్న లెక్క చూడండి. ఒక సెంటీమీటరు ఘనం ప్రింట్ చేయాలి. పొర మందం 40 మైక్రాన్లు అనుకుంటే 250 పొరలు. గీతకీ గీతకీ మధ్య 0.1 మిల్లీమీటరు అంటే పొరకు వంద గీతలు, ఒక్కో పొరలో మీటరు దూరం. మొత్తం 250 మీటర్లు, అంటే 250 సెకన్ల లేజర్ ప్రయాణం. కరిగిన చిన్న మడుగును, అంటే మెల్ట్ పూల్‌ను సరిగ్గా పట్టుకోవాలంటే వస్తువును 5 మైక్రాన్ల చిన్న గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిలో వేడి లెక్కించాలి. అప్పుడు ఘనంలో 800 కోట్ల గళ్లు. మైక్రోసెకనుకు ఒకసారి చొప్పున లెక్కించినా అన్ని గళ్లనూ 25 కోట్ల సార్లు లెక్కించాలి. నేను నా ల్యాప్‌టాప్ మీద సరిగ్గా ఇదే చేయబోయాను. వస్తువు మొత్తాన్ని ముతక గళ్లతో వేసి, రంగురంగుల బొమ్మలు తీసి, అదే రీసెర్చ్ అనుకున్నాను. ఆ బొమ్మలు దేనికీ రుజువు కావు.

అందుకే ఈ రంగంలో ఒకే మోడల్‌తో అన్నీ చేయరు. మెల్ట్ పూల్ స్థాయిలో లోహపు ప్రవాహం, తలతన్యత, ఆవిరి ఒత్తిడి చూస్తారు. వస్తువు వంగడం చూడాలంటే ఇన్‌హెరెంట్ స్ట్రెయిన్ పద్ధతి వాడతారు. అది వెల్డింగ్ పరిశోధన నుంచి వచ్చినదే, మొత్తం లేజర్ దారి లెక్కించకుండానే వంపును అంచనా వేస్తుంది. ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోండి. మొదట్లోనే రెండూ వద్దు.

నా సలహా ఒకే ఒక్క గీతతో మొదలుపెట్టమని. పొడి కూడా వద్దు, ఉత్త లోహపు ప్లేటు మీద ఒక లేజర్ గీత. రోసెంతాల్ అనే పరిశోధకుడు 1940లలో వెల్డింగ్ కోసం ఇచ్చిన కదిలే ఉష్ణమూలం సూత్రం ఉంది, అంటే కదిలే వేడి చుక్క చుట్టూ ఉష్ణోగ్రత ఎంతో చెప్పేది, దాన్ని పైథాన్‌లో ఒక సాయంత్రంలో రాసుకోవచ్చు. తర్వాత 1984లో గోల్డాక్ బృందం ఇచ్చిన డబుల్ ఎలిప్సాయిడ్ మోడల్ చూడండి, అది వేడిని ఒక చుక్కలో కాకుండా గుడ్డు లాంటి ఆకారంలో పరుస్తుంది. ఈ రెండూ మీ చేతికి అలవాటైతే పెద్ద సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతోందో అర్థమవుతుంది. ద్రవాల ప్రవాహాన్ని లెక్కించే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని మీద లోహపు త్రీడీ ప్రింటింగ్ కోసం అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్ వాళ్లు తయారు చేసిన అడిటివ్‌ఫోమ్ కూడా ఉచితమే.

మరి మెషీన్ లేనిదే పోల్చేది దేనితో? అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2018లో ఏఎమ్-బెంచ్ పేరుతో కొలతలు విడుదల చేసింది. ఇన్‌కోనెల్ 625 అనే నికెల్ మిశ్రలోహపు ప్లేటు మీద వేసిన ఒంటి గీతల మెల్ట్ పూల్ కొలతలు, చల్లబడే వేగం అందులో ఉన్నాయి. వంతెన ఆకారపు వస్తువును ప్రింట్ చేసి, అడుగు నుంచి కొంత మేర కోసినప్పుడు అది ఎంత పైకి లేచిందో కూడా కొలిచారు. ఆ లెక్క చూసినప్పుడు నాకు మా షాపులో లేచిన రేకే గుర్తొచ్చింది. ఇదంతా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఒంగోలులో కూర్చున్నా సరే.

ఇప్పుడు నేను చేసిన తప్పు వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరూ అక్కడే ఆగుతారు. లేజర్ శక్తిలో లోహం పీల్చుకునేది ఎంత అన్నది మోడల్‌లో మనమే ఇవ్వాల్సిన సంఖ్య. ఒక కేసులో, అంటే ఒక లేజర్ శక్తి, వేగంతో వేసిన గీతలో, మెల్ట్ పూల్ లోతు తక్కువ వచ్చింది, ఆ సంఖ్య పెంచాను. లోతు కలిసింది, వెడల్పు మితిమీరింది. మళ్లీ తగ్గించాను, వెడల్పు కలిసి లోతు పోయింది. నెలల తరబడి ఇదే. అసలు విషయం ఏమిటంటే, ఉపరితలం మీద వేడి పెట్టి ఉష్ణవహనం, అంటే లోహం గుండా వేడి పాకడం, మాత్రమే లెక్కిస్తే మెల్ట్ పూల్ అడ్డుకోత అర్ధవృత్తానికి మించి లోతుకు పోదు. నిజంలో శక్తి పెరిగితే లోహం మరిగి, ఆవిరి ఒత్తిడి ద్రవాన్ని కిందికి నొక్కుతుంది, సన్నని గుంత పడుతుంది. దాన్ని కీహోల్ అంటారు. కిరణం ఆ గుంత గోడల మధ్య పదేపదే తగిలి, ఇంకా ఎక్కువగా ఇంకుతుంది. పైపైన మూడో వంతు పీల్చుకునే లోహం అప్పుడు సగానికి పైగా పీల్చుకోవచ్చు. అంటే నేను సరిదిద్దుతున్న సంఖ్య ఒక స్థిరాంకమే కాదు. మోడల్‌లో లేని భౌతికశాస్త్రాన్ని ఆ ఒక్క సంఖ్యతో మోయించాలని చూశాను.

అందుకని ఒక కేసుతో సంఖ్యను సర్దుకోండి, మిగతా కేసులను దాన్ని ముట్టుకోకుండా లెక్కించండి. అవి కలవకపోతే అలాగే రాయండి. ఏ సంఖ్య సర్దారో రిపోర్టులో స్పష్టంగా చెప్పండి. దీన్ని దాచిన పేపర్లు నేను చాలా చదివాను, వాటిని నమ్మి నష్టపోయాను కూడా.

భవిష్యత్తు సంగతి అడగలేదు గానీ, ఇంట్లో అడుగుతారు. శ్రీహరికోట నుంచి 2024 మే 30న చెన్నై స్టార్టప్ అగ్నికుల్ ఎగరేసిన రాకెట్ ఇంజిన్ ఒకే ముక్కగా త్రీడీ ప్రింట్ చేసినది. అదే నెలలో ఇస్రో, పీఎస్ఎల్‌వీ రాకెట్ నాలుగో దశకు వాడే పీఎస్‌4 ఇంజిన్‌ను ఇదే లేజర్ పొడి పద్ధతిలో చేసి 665 సెకన్లు పరీక్షించింది. 14 భాగాలు ఒకటయ్యాయి, 19 వెల్డ్ అతుకులు పోయాయి. హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ లాంటి చోట్ల మెషీన్లు ఉన్నాయి. ఒంటి గీత లెక్క పోలికతో సహా చేతిలో పెట్టుకొని అలాంటి చోట ఇంటర్న్‌షిప్‌కు రాయండి. మార్కుల లిస్టు కంటే అది ఎక్కువగా మాట్లాడుతుంది, నాకు దారి తెరిచింది కూడా అదే.

ముందు ఏఎమ్-బెంచ్ ఒంటి గీతల్లో మూడు కేసులు తీసుకొని రోసెంతాల్ సూత్రంతో వెడల్పు, లోతు లెక్కించండి. ఏది ఎంత తేడా వచ్చిందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.