అమెరికా చిన్న పట్టణాల్లో అగ్నిమాపక దళం నేటికీ స్వచ్ఛందంగానే ఎందుకు ఉంది?

ఆ దళాలను మొదట ప్రభుత్వం కాక ఊరివాళ్లే నెలకొల్పుకున్నారు. అప్పుడప్పుడు మాత్రమే జరిగే ప్రమాదాల కోసం జీతాల సిబ్బందిని ఏడాది పొడవునా పోషించేంత పన్నుల రాబడి చాలా చిన్న పట్టణాలకు ఇప్పటికీ లేదు. ఇళ్లు చెక్కవి, పొయ్యిలు కట్టెలవి అయిన వలస పాలన కాలంలో ఇరుగుపొరుగు వాళ్లు వెంటనే చేరుకోవడం తప్ప వేరే రక్షణ ఉండేది కాదు.

ఇందుకు పేరుపొందిన ఉదాహరణ, బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో ఏర్పాటుచేసిన యూనియన్ ఫైర్ కంపెనీ. 30 మందికి పరిమితమైన ఆ సంఘంలో ప్రతి సభ్యుడూ నీళ్లు పోయడానికి తోలు బకెట్లను, కాలుతున్న ఇంటి నుంచి సామాను తరలించడానికి గట్టి సంచులను తన పేరులోని మొదటి అక్షరాలు వేయించి సిద్ధంగా ఉంచుకోవాలి. నెలవారీ సమావేశానికి రాకపోతే జరిమానా. సేవకు జరిమానా ఏమిటని తోచవచ్చు గాని, ఆ డబ్బుతోనే నిచ్చెనలు, నీళ్లు చిమ్మే యంత్రాలు సమకూరేవి. నగరం పెరిగిపోయాక, 1871లో ఫిలడెల్ఫియా జీతాల దళానికి మారింది. చిన్న ఊళ్లకు ఆ అవసరం గాని, ఆ స్తోమత గాని కలగలేదు.

స్వచ్ఛంద దళమంటే శిక్షణ లేని జనం గుంపు అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. వారు వేరే ఉద్యోగాలు చేసుకుంటూనే క్రమంగా శిక్షణ పొంది, పిలుపు రాగానే హాజరవుతారు. అమెరికా అగ్నిమాపక సిబ్బందిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఇలాంటివారే.