నెట్ బిల్లు పెరిగి స్పీడు తగ్గితే

చిరంజీవి రమ్యకు,

బెంగళూరు మారతహళ్లి ఇంట్లో నెట్ బిల్లు 825 నుంచి 1,061 అయిందనీ, 200 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుంటే ఫోనులో 40 కూడా రావట్లేదనీ రాశావు. ఈ రెండూ వేర్వేరు తగాదాలమ్మా. కలిపి మాట్లాడితే కస్టమర్ కేర్ వాళ్లు "రౌటర్ ఆపి ఆన్ చేయండి మేడమ్" దగ్గరే నిన్ను ఆపేస్తారు.

ముందు డబ్బు సంగతి. 18 శాతం జీఎస్టీ తీసేస్తే 825 అంటే 699, 1,061 అంటే 899. పెరిగింది పన్ను రేటు కాదు, ప్లాను అద్దె. పాత బిల్లూ కొత్త బిల్లూ పక్కపక్కన పెట్టుకుని ప్లాను పేరు చదువు. పేరు అదే అయితే డిస్కౌంటు గడువు తీరి ఉండాలి, లేదా రేటే పెంచి ఉండాలి. పేరు మారితే ఓటీటీలు తగిలించిన ప్లానులోకి నిన్ను తోసేశారేమో చూడు. అవి నువ్వు చూడవుగా, అవి లేని ప్లాను ఉందా అని గట్టిగా అడుగు. అడగనిదే చెప్పరు. యూపీఐ ఆటోపే ఉంటే డబ్బు కోతకి 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, చదవకుండా తుడిచేయకు. సంగతి తేలేదాకా ఆటోపే ఆపెయ్యి.

ఇక స్పీడు. వైఫై మీద ఫోను చూపించే అంకె సాక్ష్యానికి పనికిరాదు. లాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలిపి, మిగతా ఫోన్లకీ టీవీకీ వైఫై ఆపేసి, మూడు రోజులపాటు పొద్దున 7కీ రాత్రి 9:30కీ టెస్ట్ చెయ్యి. స్క్రీన్‌షాట్లు దాచు. ఏదైనా డౌన్‌లోడ్ చేసేటప్పుడు 25 అని కనబడితే కంగారు పడకు, అవి మెగాబైట్లు, నీ ప్లాను లెక్క మెగాబిట్లలో. 8తో గుణిస్తే నీ 200 వచ్చేసినట్టే.

కేబుల్ మీద ఎప్పుడు చూసినా 94, 95 దగ్గరే నిలబడితే కేబుల్నే అనుమానించు. అందులో ఎనిమిది తీగలుంటాయి, గిగాబిట్‌కి, అంటే 1,000 ఎంబీపీఎస్‌కి, ఎనిమిదీ కావాలి. ప్లగ్గులో ఒక్క తీగ వదులైనా లింకు 100 ఎంబీపీఎస్‌కి పడిపోవచ్చు, లైటు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంటుంది. టెర్రస్ మీది పెట్టె నుంచి ఫైబర్ కాకుండా ఇదే రకం లాన్ కేబుల్ ఇంట్లోకి లాగే కంపెనీలు బెంగళూరులో ఉన్నాయి. అలాంటి చోట ఎండకీ వానకీ నానే ఆ పొడుగు కేబుల్‌ని కూడా మార్పించాలి. రౌటర్లో కేబుల్ గుచ్చే పోర్టు 100ది అయినా ఇదే తంతు.

కేబుల్ మీద 200 వచ్చి ఫోనులో రాకపోతే తప్పు కంపెనీది కాదు. అపార్ట్‌మెంటులో వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మీద పక్కిళ్ల రౌటర్లన్నీ కొట్టుకుంటుంటాయి. ఫోన్ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చు. టీవీ వెనక దాచిన రౌటర్ని బయటికి తీసి ఎత్తులో పెట్టు, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడల్ని అంత బాగా దాటలేదు.

పొద్దున 200, రాత్రి 60 అయితే లైను మీద రద్దీ. ఇది పూర్తిగా వాళ్ల బాధ్యత. నెలాఖరులోనే తగ్గితే డేటా వాడకం చూడు, చాలా "అన్‌లిమిటెడ్" ప్లాన్లలో 3,300 జీబీ దాటాక స్పీడు దించేస్తారు. ఏ వేళైనా తక్కువే ఉండి నీది ఫైబర్ అయితే, ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం కొలిచే మీటరు పెట్టమని టెక్నీషియన్ని అడుగు. మైనస్ 20 డీబీఎం చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దాటితే ఆ లైను ఊగిసలాడుతుంది. చాలాసార్లు కారణం తలుపు మూలలో మడతపడ్డ ఫైబరే. "స్పీడ్ బర్తా ఇల్ల" (స్పీడు రావట్లేదు) అని కన్నడంలో మొదలుపెట్టు, పని కాస్త ముందుకి కదులుతుంది.

ఫోనులో ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, రాసుకో. తేలకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పీలు అధికారికి పంపు, 39 రోజుల్లో తేల్చాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాసి లాభం లేదు, విడివిడి ఫిర్యాదులు వాళ్లు తీసుకోరు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మారాలనుకుంటే కొత్త లైను వచ్చి, వారం నడిచాకే పాతది తీయించు. మీ అసోసియేషన్ ఏయే కంపెనీలని లోపలికి రానిస్తుందో ముందే కనుక్కో, అదే బ్లాకులో వాడేవాళ్లని రాత్రి స్పీడు ఎంతని అడుగు. ఏడాదికి ఒకేసారి కట్టకు, ఎంత తగ్గించినా సరే. పాత రౌటర్ తిరిగిచ్చేటప్పుడు సీరియల్ నంబరున్న రసీదు తీసుకో, లేకపోతే డిపాజిట్ రాదు.

ఈలోగా రౌటర్ కింద స్టిక్కరు ఫొటో తీసి పంపు, పోర్టు 100దో గిగాబిట్‌దో చూసి చెప్తాను. వైఫై పాస్‌వర్డ్ ఉన్న చోట వేలు పెట్టి తియ్యి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న