ఉచ్చారణ కోసం స్పెయిన్ పంపించాలా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి బీకాం చదువుతూ స్పానిష్ నేర్చుకుంటోంది, స్పానిష్ ప్రావీణ్యాన్ని తేల్చే డెలే పరీక్షలో బీ1 (మధ్యస్థ) స్థాయికి సిద్ధమవుతోంది. స్పెయిన్‌లో ఉంటే తప్ప ఉచ్చారణ కుదరదని అందరూ అంటున్నారు. అప్పు చేసైనా ఒక సెమిస్టర్ పంపమంటారా?

జవాబు: ఉచ్చారణ కోసమే అయితే అప్పు చేయకండి. అక్కడ అడుగుపెడితే నోరు దానంతటదే తిరుగుతుందని చాలామంది నమ్ముతారు. 2004లో మాన్యుయెల్ దియాస్-కాంపోస్ అనే పరిశోధకుడు స్పెయిన్‌లోని అలికాంతెలో చదివిన అమెరికన్ విద్యార్థులను, స్వదేశంలోనే స్పానిష్ నేర్చుకున్నవాళ్లతో పోల్చి చూశారు. ఉచ్చారణలో రెండు జట్లూ ఇంచుమించు ఒకేలా మెరుగుపడ్డాయి. ఎన్నేళ్లు పద్ధతిగా నేర్చుకున్నారు, క్లాసు బయట ఎంత వాడారు అన్నవాటికే ప్రభావం కనిపించింది.

పైగా మీ అమ్మాయికి తెలుగు అండ ఉంది. ఇంగ్లిష్ వాళ్లు కష్టపడి నేర్చుకునే, గాలి ఒత్తు లేని ప, త, క శబ్దాలు ఆమెకు చిన్నప్పటి నుంచీ వచ్చినవే. చిక్కంతా స్పెల్లింగుతో. todo (అంతా) అన్న మాట చూడగానే ఇంగ్లిష్ అలవాటు ముందుకొచ్చి, 'తోదో' అనాల్సినచోట 'టోడో' అంటారు. నాలుక పళ్లకు ఆనాలి. రెండో అక్షరంలోని ద ఇంకా మెత్తన, నాలుక అలా తగిలీ తగలనట్టు ఉండాలి. 'పెరో' అంటే 'కానీ' అని, 'పెర్రో' అంటే 'కుక్క' అని అర్థం. రెండోదాంట్లో నాలుక కొస అదరాలి. దీనికి మాత్రం రోజూ సాధన కావాలి.

కాబట్టి ముందు ఇక్కడి వాతావరణం మార్చండి. పెద్ద బ్యాచ్‌లో ఒక్కొక్కరికి నోరు తెరిచే సమయమే దొరకదు. తప్పు పలికితే అక్కడే ఆపి సరిదిద్దే టీచర్ ఉన్న చిన్న బ్యాచ్ చూడండి, ఫీజు కాస్త ఎక్కువైనా సరే. తను చదివింది ఫోన్‌లో రికార్డు చేసుకుని, స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల ఆడియోతో పోల్చుకోమనండి. మెక్సికో నుంచి ఆన్‌లైన్‌లో మాట్లాడేవాళ్లు దొరికితే ఇంకా మంచిది. మనకు ఉదయం ఏడైతే మెక్సికో సిటీలో ముందురోజు రాత్రి ఏడున్నర, కాలేజీకి వెళ్లేలోపు మాట్లాడేయొచ్చు.

యాస గురించి టెన్షన్ వద్దు. యూరప్ భాషా ప్రమాణాల ప్రకారం బీ1 స్థాయిలో మాట స్పష్టంగా అర్థమైతే చాలు, విదేశీ యాస అక్కడక్కడా వినిపించినా ఫరవాలేదు.

దాని పై స్థాయి బీ2 కూడా అయ్యాక, డబ్బు కుదిరితే, సెలవుల్లో కొన్ని వారాలు పంపండి. అప్పుడు మన పిల్లలతో కలిసి ఫ్లాట్ తీసుకోనివ్వకుండా, స్పానిష్ కుటుంబం ఇంట్లో ఉండేలా చూడండి.