టైప్ 1 షుగర్, ఎలర్జీ ఒకే జన్యువుల వల్ల వస్తాయా?

మీ పెద్దపాపకు టైప్ 1, చిన్నబాబుకు పసితనం నుంచి ఎగ్జిమా, ఈమధ్య పిల్లికూతలు. రెండూ ఒకే జన్యువుల వల్ల వచ్చాయా, బాబుకు కూడా షుగర్ వస్తుందా అని అడిగారు. మా ఇంట్లోనూ ఇలాగే ఉంది. నాకు బడికెళ్లే వయసులో టైప్ 1 వచ్చింది, తమ్ముడికి అంతకు ముందు నుంచే ఆస్తమా. వాడికి ఎప్పుడు దాహం వేసినా మా అమ్మకు టెన్షనే. తమ్ముడికి ఇప్పుడు పిల్లలు కూడా ఉన్నారు, షుగర్ మాత్రం రాలేదు. ఒక్క ఇంటిని చూసి ఏదీ తేల్చలేం కాబట్టి, ఇన్నేళ్లలో చదివీ డాక్టర్లను అడిగీ నేను తెలుసుకున్నది చెబుతాను.

జన్యువుల్లో కొంత ఉమ్మడి ఉన్న మాట నిజమే. అయినా బాబు ఎలర్జీని షుగర్‌కు ముందస్తు సూచనగా చూడక్కర్లేదు. వాడికి అదనంగా ఉన్న రిస్కు ప్రధానంగా అక్కకు టైప్ 1 ఉండటం వల్ల వచ్చింది. టైప్ 1 ఉన్నవాళ్ల తోబుట్టువుల్లో సుమారు నూటికి 5, 6 మందికి అది వస్తుంది. మిగతావాళ్లకు రాదు. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో సైతం ఒకరికి వస్తే రెండోవారికి వచ్చి తీరాలని లేదు.

టైప్ 1 అంటే మన రోగనిరోధక కణాలే ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీయడం. దాని వంశపారంపర్య రిస్కులో దాదాపు సగం 6వ క్రోమోజోమ్ మీదున్న హెచ్‌ఎల్‌ఏ జన్యువులదే. ఏది మనది, ఏది పరాయిది అని రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టడానికి తోడ్పడేవి ఇవి. ముఖ్యంగా డీఆర్3, డీఆర్4 అనే రకాలు. ఎలర్జీల్లోనూ హెచ్‌ఎల్‌ఏకు పాత్ర ఉంది కానీ ఇంత పెద్దది కాదు. ఎగ్జిమాకు బాగా తెలిసిన జన్యువు ఫిలాగ్రిన్. దాని పని చర్మం పైపొరను గట్టిగా ఉంచడం, ఇన్సులిన్ తయారీతో దానికి సంబంధం లేదు.

మరి ఉమ్మడి ఎక్కడుందంటే, రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెట్టే కణాల్లో. వీటిని రెగ్యులేటరీ టీ కణాలంటారు. మన శరీరం మీద మన కణాలే దాడి చేయకుండా, పుప్పొడికో పాలకో అతిగా స్పందించకుండా బ్రేకు వేసేవి ఇవే. వీటిని నడిపించే జన్యువు ఫాక్స్‌పి3. అది పాడైతే ఐపెక్స్ అనే చాలా అరుదైన జబ్బు వస్తుంది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లలకే ఎక్కువ. నెలల వయసులోనే టైప్ 1, తీవ్రమైన ఎగ్జిమా, ఆగని విరేచనాలు, కొందరిలో ఆహార ఎలర్జీలు కలిసి కనబడతాయి. రెండు జబ్బులకూ మూలంలో చుట్టరికం ఉందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఈ కణాల మీద చేసిన పరిశోధనకే 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు నోబెల్ వచ్చింది. మీ బాబుది ఐపెక్స్ కాదు, ఆ భయం పెట్టుకోకండి. అది ఇంత నెమ్మదిగా ఉండే జబ్బు కాదు.

మామూలు జనంలో ఐఎల్2ఆర్‌ఏ, బాక్2 లాంటి జన్యువుల్లోని చిన్నచిన్న తేడాలు రెండు వైపులా కనబడ్డాయి. ఒక్కో తేడా ప్రభావం చాలా స్వల్పం. నన్ను బాగా ఆశ్చర్యపరిచింది 17వ క్రోమోజోమ్ మీది ఓ భాగం: అక్కడ చిన్ననాటి ఆస్తమా రిస్కును పెంచే రకమే టైప్ 1 రిస్కును కాస్త తగ్గిస్తుంది. కాబట్టి 'ఎలర్జీ జన్యువులుంటే షుగర్ జన్యువులూ ఉన్నట్టే' అనడం కుదరదు.

ఒకప్పుడు ఎలర్జీ ఉన్నవాళ్లకు టైప్ 1 రాదని కూడా అనేవారు, రెండిటిలో పనిచేసే టీ కణాల రకాలు వేరు కాబట్టి. అదీ నిలవలేదు. స్వీడన్‌లో పది లక్షలకు పైగా పిల్లల వివరాలతో 2020లో వచ్చిన అధ్యయనంలో ఆస్తమా, టైప్ 1 ఒకే పిల్లల్లో, ఒకే ఇంటి తోబుట్టువుల్లో అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువగా కలిసి కనిపించాయి. కొంచెమే.

ఇక మీరు నిజంగా పట్టించుకోవాల్సినవి. పాపకు ఎప్పుడైనా స్టెరాయిడ్ మాత్రలు రాస్తే షుగర్ పెరుగుతుంది, ఆ రోజుల్లో ఇన్సులిన్ ఎంత పెంచాలో ముందే అడగండి. బాబు ఇన్‌హేలర్‌ను మాత్రం షుగర్ భయంతో ఆపొద్దు. మామూలు డోసులో పీల్చే స్టెరాయిడ్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

అన్నిటికంటే ముఖ్యం, ఆస్తమా ఉన్న పిల్లల్లో ఆయాసం రాగానే అందరి ఆలోచనా ఆస్తమా వైపే వెళ్తుంది. షుగర్ బాగా పెరిగి కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) చేరినప్పుడు కూడా పిల్లలు లోతుగా, వేగంగా ఊపిరి తీస్తారు. పిల్లికూతలు లేకుండా ఆయాసం, దాంతోపాటు వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన దాహం, మళ్లీ పక్క తడపడం, బరువు తగ్గడం కనిపిస్తే నెబ్యులైజర్ పెట్టి ఎదురుచూడకండి. పాప గ్లూకోమీటర్ ఇంట్లోనే ఉంది కదా, కొత్త సూదితో బాబుకు వెంటనే చూడండి. 200 దాటితే అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లండి. రీడింగ్ మామూలుగా ఉన్నా ఆయాసం తగ్గకపోతే అప్పుడూ వెళ్లాల్సిందే. ఇంకా మనసు ఆగకపోతే టైప్ 1 యాంటీబాడీ పరీక్ష (ఇన్సులిన్ కణాల మీద దాడి మొదలైందా అని చూసే రక్తపరీక్ష) గురించి పాప డాక్టరును అడగండి. లక్షణాలు మొదలవక ముందే రిస్కు ఎంతో జన్యు పరీక్ష కంటే అది బాగా చెబుతుంది.