మాట ఎక్కడ తెగిందో చూడమ్మా

ప్రశ్న: మేడమ్, మాకు ఇంగ్లిష్ రచయిత జె.బి. ప్రీస్ట్లీ రాసిన 'యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్' నాటకం పాఠంగా ఉంది. వర్గభేదాలు, సామాజిక బాధ్యత మీద ముప్ఫై కొటేషన్లు బట్టీ పట్టాను. ఏది అడిగినా తడుముకోకుండా రాసేస్తాను. అయినా ప్రతిసారీ 'విశ్లేషణ లేదు' అని రాసి పేపర్ ఇస్తున్నారు. పరీక్షలంటేనే టెన్షన్‌గా ఉంది. ఇంకేం రాయాలండీ?
– ఒక విద్యార్థిని

జవాబు: ముప్ఫై ఎందుకమ్మా, ఆరు చాలు. నువ్వేం రాస్తున్నావో చూడకుండానే చెప్పగలను. 'దీన్నిబట్టి బర్లింగ్ స్వార్థపరుడని తెలుస్తోంది.' ప్రతి కొటేషన్ కిందా ఇదే వాక్యం, అవునా? ఇరవై ఏళ్లకు పైగా ఈ నాటకం చెప్పాను, ఆ వాక్యం కింద గీసిన ఎర్రగీతలకు లెక్కలేదు. మాటకు అర్థం చెబితే విశ్లేషణ అయిపోదు. ఎవరి ముందు అన్నారు, అన్న వెంటనే ఏం జరిగింది, అదీ చూడాలి.

తేనెటీగల మాటే తీసుకో. కాలం 1912. బ్రమ్లీ అనే కల్పిత పారిశ్రామిక పట్టణంలో ఫ్యాక్టరీ యజమాని బర్లింగ్ ఇంట్లో కూతురి నిశ్చితార్థం విందు. ఆడవాళ్లు పక్క గదిలోకి వెళ్లాక కొడుక్కీ కాబోయే అల్లుడికీ ఆయన హితబోధ మొదలుపెడతాడు. తుట్టెలో తేనెటీగల్లా అందరం కలిసిపోయామన్నట్టు, ఒకరినొకరు చూసుకోవాలట, సమాజమట, అదంతా చెత్త అంటాడు. మనిషన్నవాడు తన పని తాను చూసుకోవాలి, తననీ తనవాళ్లనీ చూసుకోవాలి, ఇంకా... అంటుండగా వీధి గంట ఖంగున మోగుతుంది. వచ్చినవాడు ఇన్‌స్పెక్టర్ గూల్. తెచ్చిన కబురు, ఈవా స్మిత్ అనే అమ్మాయి ఫినాయిల్ లాంటి క్రిమినాశక ద్రావణం (డిస్ఇన్ఫెక్టెంట్) తాగి చనిపోయిందని.

పిల్లలు 'చెత్త' దగ్గర ఆగిపోతారు. నువ్వు ఆ 'ఇంకా' దాకా వెళ్లు. రచయిత బర్లింగ్‌ను వాక్యం పూర్తి చేయనివ్వలేదు. వాదించి ఓడించలేదు, గంట కొట్టించాడంతే. నాటకంలో ఇలాంటివి చదివేటప్పుడు జారిపోతాయి, వేదిక మీద చూస్తే చెవిలో పడతాయి. ఆ సాయంత్రమే బర్లింగ్ టైటానిక్ మునగనే మునగదని, యుద్ధం రానే రాదని కూడా చెప్పి ఉంటాడు. నాటకం తొలిసారి ఆడింది 1945లో సోవియట్ యూనియన్‌లో, లండన్‌కు వచ్చింది 1946లో. రెండు యుద్ధాలు చూసిన జనం ఆయన మాటలకు ఎంత విలువ ఇస్తారో ఒక వాక్యంలో రాసి వదిలెయ్.

ఇక నేను చాలాకాలం తప్పు చెప్పిన చోటు ఒకటుంది. ఈవా ఒకప్పుడు బర్లింగ్ ఫ్యాక్టరీలోనే పనిచేసింది. వారానికి 22 షిల్లింగుల 6 పెన్నీలు, అంటే ఇరవై రెండున్నర షిల్లింగులు వచ్చేవి (అప్పట్లో షిల్లింగుకు 12 పెన్నీలు). 25 షిల్లింగులు కావాలని ఆమె, తోటివాళ్లు అడిగారు. కుదరదన్నానని బర్లింగ్ చెబితే ఇన్‌స్పెక్టర్ ఒక్క మాట అడుగుతాడు: 'ఎందుకు?' బర్లింగ్‌కు ఆ ప్రశ్న వినబడినా నమ్మబుద్ధి కాదు. 'ఎందుకు అన్నారా?' అని తిరిగి అడుగుతాడు. ఆ తర్వాత, కూలీల ఖర్చు తక్కువలో ఉంచడం నా డ్యూటీ, ఒప్పుకుంటే పన్నెండు శాతం దాకా పెరిగేది అంటాడు.

నేను బోర్డు మీద 'బర్లింగ్: బాధ్యత లేనివాడు' అని రాసి పాఠం నడిపించేదాన్ని. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు లేచి, 'డ్యూటీ అంటున్నాడు కదా మేడమ్, అంటే బాధ్యత ఉన్నట్టేగా?' అన్నాడు. తర్వాత చెబుతానని కూర్చోబెట్టాను. నిజానికి జవాబు తోచలేదు. ఇంటికొచ్చి మళ్లీ చదివితే తెలిసింది, గొడవంతా ఆ ముక్కలోనే ఉందని. బర్లింగ్‌కు బాధ్యత లేకపోవడం కాదు, అది ఖాతా పుస్తకం దాకానే ఉంది. లెక్క కూడా పెద్దగా తప్పలేదు చూడు: ఇరవై రెండున్నర మీద రెండున్నర అంటే నూటికి పదకొండు పైచిలుకు. అమ్మాయి మీద మాత్రం ఏ లెక్కా లేదు. ఇలా ఒక్క పదాన్ని పట్టుకుని లాగితే చాలు, అదే విశ్లేషణ.

ప్రశ్న: 'వాళ్లు చౌక కూలీలు కాదు, మనుషులు' అంటుంది కూతురు షీలా. ఆమె మంచి పాత్ర అని రాయవచ్చా?
– మరో విద్యార్థి

జవాబు: రాయి, కానీ ఆ మాట అన్నప్పుడు ఆమె ఇన్‌స్పెక్టర్ తెచ్చిన ఈవా ఫొటో ఇంకా చూడలేదని కూడా రాయి. చూశాక బయటపడుతుంది, ఫ్యాక్టరీ తర్వాత ఈవా చేరిన మిల్వర్డ్స్ బట్టల దుకాణంలోంచి ఆమెను తీయించింది తనేనని. తనకు నప్పని డ్రెస్సు ఈవాకు నప్పింది, పైగా ఆ పిల్ల నవ్వింది. అంతే, మా అమ్మతో చెప్పి ఈ దుకాణంలో మా ఖాతా మూయిస్తానని మేనేజర్‌ను బెదిరించింది. తండ్రికి నీతి చెప్పడం తేలిక. తన ఖాతా దగ్గరికి వచ్చేసరికి తనూ తండ్రి కూతురే. తేడా అల్లా, ఆమె ఒప్పుకుంటుంది. తర్వాత తల్లి 'ఆ తరగతి ఆడపిల్లలు...' అని మొదలుపెడితే, 'వద్దమ్మా' అని మధ్యలోనే అడ్డుపడేదీ షీలానే. ఈసారి వాక్యం తెంపింది గంట కాదు, కన్నకూతురు.

ప్రశ్న: 'మనం ఒంటరిగా బతకడం లేదు, ఒకే దేహంలో భాగాలం' అన్న ఇన్‌స్పెక్టర్ మాటతో వ్యాసం ముగించమంటున్నారు. సరేనా?
– ఇంకొకరు

జవాబు: అందరూ అలాగే ముగిస్తారు, దిద్దేవాళ్లకు విసుగు. ఆ మాట తర్వాత ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోతాడు, నాటకం మాత్రం ఇంకా నడుస్తుంది. అతను నిజం పోలీసు కాదని తేలుతుంది, బర్లింగ్ తేరుకుంటాడు. షీలానూ, కొడుకు ఎరిక్‌నూ చూపిస్తూ, అన్నీ తెలిసిన కొత్త తరమట, ఒక హాస్యాన్ని కూడా తట్టుకోలేరు అని వెక్కిరిస్తుండగా టెలిఫోన్ మోగుతుంది. ఒకమ్మాయి ఆసుపత్రికి తీసుకెళ్తుండగా ఇప్పుడే చనిపోయిందట, ప్రశ్నలడగడానికి పోలీసు ఇన్‌స్పెక్టర్ బయలుదేరాడట. మొదటి గంటకు తెగిందీ, చివరి గంటకు తెగిందీ బర్లింగ్ వాక్యమే. నీ వ్యాసం అక్కడ ముగించు.